రెడ్ హెర్రింగ్: వేటకుక్కల శిక్షణలోంచి వచ్చిందా, కాబెట్ కథలోంచా?

పదశోధి: అసలు విషయాన్ని పక్కదారి పట్టించే సంబంధం లేని వాదాన్ని ఇంగ్లీషులో రెడ్ హెర్రింగ్ అంటారు. హెర్రింగ్ ఒక సముద్రపు చేప. నక్క జాడకు అడ్డంగా ఈ చేపను ఈడ్చి, ఆ వాసనకు లొంగకుండా వేటకుక్కలకు తర్ఫీదు ఇచ్చేవారని చాలాచోట్ల రాశారు. ఇది నమ్మదగిందేనా?

గోదారిగట్టు: కాదండీ. ముందు చేప సంగతి. హెర్రింగ్‌లో ఎర్ర జాతి లేదు. పొట్ట కోయకుండా చేపను గట్టిగా ఉప్పులో ఊరేసి, రోజుల తరబడి పొగ పడితే ఎర్రబారుతుంది, వాసనా ఘాటెక్కుతుంది. నిలువునా చీల్చి, పేగులు తీసి, కాసేపే పొగ పెట్టేది కిప్పర్. రెండూ ఒకటి కావు.

ఇక తర్ఫీదు. 17వ శతాబ్దం చివరినాటి ఒక ఇంగ్లీషు వేట గ్రంథంలో చచ్చిన పిల్లినో నక్కనో, అవి లేకపోతే రెడ్ హెర్రింగ్‌నో 3, 4 మైళ్లు ఈడ్చి, ఆ జాడ మీద కుక్కల్ని వదలమని ఉంది. అది గుర్రానికి వేట అలవాటు చేసే పద్ధతి. కుక్కలు ఆ వాసన వెంటే పరుగెత్తాలి, వాటి వెనక గుర్రం. దాన్ని తలకిందులుగా చదివినవాళ్ల వల్లే ఈ కథ పుట్టింది. పైగా కుక్కకు ఒక వాసన మాన్పించాలంటే అది దారిలో ఎదురయ్యేదై ఉండాలి: గొర్రె, జింక లాంటివి. పొలాల్లో పొగచేప ఎందుకు ఎదురవుతుంది?

తర్కప్రియ: మరి మళ్లించడం అనే అర్థం ఎక్కడిది?

గోదారిగట్టు: విలియం కాబెట్ అనే ఇంగ్లీషు పాత్రికేయుడి నుంచి. 1807 ఫిబ్రవరిలో తన పొలిటికల్ రిజిస్టర్ పత్రికలో రాశాడు: చిన్నప్పుడు తమదనుకున్న కుందేలు జోలికి వేటకుక్కలు రాకుండా, తాడుకు కట్టిన రెడ్ హెర్రింగ్‌ను 4, 5 మైళ్లు ఈడ్చుకుపోయేవారట. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంటపడి దేశంలోని అసలు సమస్యల్ని వదిలేసిన పత్రికల్ని దెప్పడానికి ఆ కథ చెప్పాడు.

పదశోధి: అయితే 1782 మాటేమిటి? అమెరికా మీద పన్నులనే రెడ్ హెర్రింగ్ వాసన వెంట ఇన్నాళ్లూ పరుగెత్తారు, తీరా చూస్తే అక్కడ వేటే లేదు అని బ్రిటిష్ పార్లమెంటులో ఒక సభ్యుడు అన్నాడు. కాబెట్ కంటే 25 ఏళ్ల ముందు.

గోదారిగట్టు: అది బలమైన ఆధారమే. అందుకే కాబెట్ సృష్టించాడనను, జనంలోకి తెచ్చాడంటాను. అయితే 1782 నాటి మాటలో అడ్డంగా ఈడ్చినవాడు లేడు, వట్టి వాసన వెంట పరుగే ఉంది. ఒకడు కావాలని మళ్లించడం కాబెట్‌తోనే స్పష్టంగా వచ్చింది.

షేర్లబాట: ఐపీవోల్లో, అంటే కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మేటప్పుడు, ఇచ్చే వివరాల పత్రం ప్రాస్పెక్టస్. అందులో రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ అంటే మోసపు పత్రం అనుకునేవాళ్లు చాలామంది. కాదు. మన దేశపు 2013 కంపెనీల చట్టం 32వ సెక్షన్ ప్రకారం, షేర్ల ధర గానీ సంఖ్య గానీ పూర్తిగా ఖరారు కాని ప్రాస్పెక్టస్ అది. షేర్ల అమ్మకం తెరవడానికి కనీసం 3 రోజుల ముందు కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. అమెరికాలో అలాంటి పత్రాల అట్ట మీద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక అచ్చువేయడం వల్ల ఆ పేరు పడింది.

తర్కప్రియ: గోదారిగట్టు గారూ, ఉద్దేశం ఉంటేనే రెడ్ హెర్రింగ్ అంటే నేను ఒప్పుకోను. తర్కంలో చూడాల్సింది వాదాన్ని, మనిషి మనసును కాదు. రోడ్డు ఎందుకు వేయలేదని అడిగితే బడి కట్టాం కదా అన్నారనుకోండి. బడి నిజమే కావచ్చు, చెప్పినవాడు అమాయకుడే కావచ్చు. రోడ్డు ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. అదే "ఊరంతా బంగారు రోడ్లు కావాలంటున్నారు" అని ప్రశ్ననే వంకరచేసి కొడితే అది స్ట్రా మ్యాన్. దీన్నీ దాన్నీ కలిపేస్తే ఎదుటివాడికి ఏం జవాబు చెప్పాలో తెలియదు: మొదటిదానికి ప్రశ్నను మళ్లీ అడగాలి, రెండోదానికి "నేనన్నది అది కాదు" అని ముందు సరిచేయాలి.