తిరగబోతా, తిరగమోతా?

కావలి బాబాయ్: మా అన్న కూతురు డాలస్‌లో పుట్టి పెరిగింది. పోయినసారి వచ్చినప్పుడు మా అమ్మ చేపల పులుసు చేస్తుంటే ఫోన్లో రికార్డు చేసుకుంది. ఇప్పుడు దాన్ని నోటుపుస్తకంలోకి తెలుగులోనే ఎక్కిస్తోంది. ఒక్కచోట ఆగిపోయింది. ‘నూనె బాగా కాగినాక తిరగ...’ అని అమ్మ అంటుండగానే ఆవాలు చిటపటమన్నాయి. తర్వాతి అక్షరం అందులో కలిసిపోయింది, చివర ‘త’ మాత్రం వినిపిస్తోంది. బోతా, మోతా? అమ్మనే అడిగితే ‘అదేరా, పోపు’ అంది.

గూడూరోడు: బోత. పోయడంలోంచి పోత, సమాసంలో బోత. నన్నడిగితే పోపూ అక్కడిదే. కాయు-కాపు, మేయు-మేపు లాగా.

ఒంగోలు మాస్టారు: పోపు సంగతి మీ ఊహ. మావైపు మోతే. ఆవాలు మోత పెట్టకపోతే అది తిరగమోతే కాదు.

గూడూరోడు: మరి ‘తిరగ’ ఎందుకు మాస్టారూ? మోత ఎటు తిరుగుతుంది?

కందుకూరు కోడలు: మా పుట్టింట్లో తిరగబాత, అత్తారింట్లో తిరగమాత. ఇద్దరూ ఉన్నచోట నేను తాలింపు అనేసి ఊరుకుంటా. అయినా చేపల పులుసుకి ఆవాలెందుకండీ, మెంతులు చాలవూ?

గూడూరోడు: అదటుంచండి. మామిడికాయ వేశారా లేదా?

ఒంగోలు మాస్టారు: వంట మాటకి తిక్కన దగ్గరికే పోవాలి. విరాటుడి వంటశాలలో భీముడు వలలుడు. కొన్ని సంస్కృత పాఠాల్లో బల్లవుడు. చూశారా, అక్కడా బకారం నిలవలేదు!

గూడూరోడు: వకారం అయింది గానీ మకారం కాలేదు గదా. పైగా తిక్కన మా నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులోవాడు. మీకెట్లా సాక్ష్యం చెబుతాడు?

ఒంగోలు మాస్టారు: నన్నయ సగంలో ఆపిన అరణ్యపర్వాన్ని మీ తిక్కన అట్లాగే వదిలేసి విరాటపర్వానికి వెళ్లిపోయాడు. మిగిలింది పూరించిన ఎర్రన మావాడు. గుడ్లూరు.

కందుకూరు కోడలు: గుడ్లూరూ కందుకూరూ 2022లో నెల్లూరు జిల్లాకి పోయాయి మాస్టారూ.

ఒంగోలు మాస్టారు: ఎర్రన పోలేదు గదమ్మా.

కావలి బాబాయ్: ఎర్రన లాంటివాళ్లెవరైనా ఉంటే ఈ అక్షరం కూడా పూరించండి. పిల్ల అక్కడ ఖాళీ వదిలేసి పులుసు పెట్టేసింది. ఆవాలు మాడి స్మోక్ అలారం మోగిందట.

ఒంగోలు మాస్టారు: మోగిందా? ఇంకేం కావాలి!

గూడూరోడు: పొగకి మోగింది మాస్టారూ, తిరగబోతకి కాదు. బాబాయ్, మామిడికాయ సంగతి ఇంకా చెప్పలేదు.