‘ఆవే గ్రాట్సియా ప్లేనా’కు తెలుగు మాట ఏది?

ప్రశ్న: సీమోనే మార్తీని, లిప్పో మెమ్మి 1333లో సియెనా కథీడ్రల్ కోసం చెక్క మీద చిత్రించిన ‘మంగళవార్త’ (యేసు పుడతాడని దేవదూత మరియమ్మకు చెప్పే దృశ్యం) ఇప్పుడు ఫ్లోరెన్సులో ఉఫీజీ చిత్రశాలలో ఉంది. అందులో దేవదూత నోటి నుంచి మరియమ్మ చెవి వైపు లాటిన్ అక్షరాలు సాగుతాయి. బొమ్మ కింద వాటి అర్థం ‘వందనము మరియమ్మా’ అని రాయవచ్చా?

– రాయకూడదండి. అక్షరాల్లో మరియ పేరే లేదు. ఉన్నవి అయిదు మాటలు: ఆవే, గ్రాట్సియా, ప్లేనా, దోమినుస్, తేకుమ్. బైబిల్లో లూకా సువార్త 1:28లో దూత పేరు పెట్టి పిలవడు, పేరు తరవాత జపంలో చేరింది. మన కథోలిక జపంలోని ‘దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా’లో పేరు తీసేస్తే మిగిలినది గ్రాట్సియా ప్లేనాకు చక్కగా అతుకుతుంది. ప్లేనా అంటే నిండినది.

– మరి బైబిల్లో ‘దయాప్రాప్తురాలా నీకు శుభము’ అని ఉంది కదా?

– అది గ్రీకు మూలానికి దగ్గర. అక్కడి మాట కెఖరితొమేనే, అంటే దయ పొందినది. నిండడం అనే భావం లాటిన్ అనువాదంలో వచ్చింది. దయాప్రాప్తురాలు ఎంత అందమైన మాటైనా, చిత్రకారులు రాసింది లాటిన్ కాబట్టి ఇక్కడ నప్పదు. ‘వరప్రసాదంతో నిండినదానా, వందనం, ప్రభువు నీతో ఉన్నాడు’ అనండి. ‘నిండిన తల్లీ’ మాత్రం వద్దు, ఆ క్షణానికి ఆమె ఇంకా తల్లి కాలేదు. తేకుమ్ అంటే ‘నీతో’, ఏకవచనమే. జపంలోని ‘మీతో’ తెలుగు మర్యాద. దూత మోకాళ్ళ మీద ఉన్నాడు గనుక అది పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

– అక్షరాలు చదివేవారికి ఒక మాట. అవి బంగారు నేపథ్యం మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ఫొటోలో వెలుతురు ఎదురుగా పడితే నేపథ్యంలో కలిసిపోతాయి, పక్కనుంచి పడితే అంచుల నీడ అక్షరాన్ని పట్టిస్తుంది. ఇలాంటి ఉబ్బెత్తు పనికి సుద్దలో జిగురు కలిపి కుంచెతో పొరలు పొరలుగా పెంచి, పైన బంగారు రేకు వేసేవారు. జిగురు ఎక్కువైతే బీటలు వారుతుంది, తక్కువైతే పొడిగా రాలిపోతుంది.

– దూత చేతిలో ఉన్నది లిల్లీ అని రాయకండి, అది శాంతికి గుర్తయిన ఆలివ్ కొమ్మ. లిల్లీలు మధ్యనున్న కూజాలో ఉన్నాయి, అవి కన్యాత్వానికి గుర్తు. లిల్లీ సియెనాకు ప్రత్యర్థి అయిన ఫ్లోరెన్సు నగర చిహ్నం కూడా, అందుకే దూత చేతికి ఇవ్వలేదని చాలామంది చెబుతారు.

– ‘ఆవే’ను లాటిన్ లిపిలో తిరగేస్తే ‘ఏవా’ అవుతుంది. ఆదిస్త్రీ ఏవా చేసిన తప్పును ఈ ఆవే సరిదిద్దిందని మధ్యయుగపు భక్తులు మురిసేవారు, ‘ఆవే మారిస్ స్తెల్లా’ స్తోత్రంలోనూ ఆ చమత్కారం ఉంది. మనకు ఆమె హవ్వ. ‘వందనం’ తిరగేసినా హవ్వ రాదు. అందుకే ముందు లాటిన్ మాటలు తెలుగు లిపిలో ఉన్నవున్నట్టు ఇచ్చి, అర్థం దాని కింద రాయండి.