ఆల్ఫా మైనస్‌లో వస్తోంది, రేపు గైడ్‌కి చూపించాలి, దయచేసి ఎవరైనా చెప్పండి

మేడమీద గది:
మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. డిజర్టేషన్ కోసం విద్యార్థులకు బిగ్ ఫైవ్ (వ్యక్తిత్వాన్ని ఐదు లక్షణాలుగా కొలిచే) ప్రశ్నావళి ఇచ్చి డేటా తీసుకున్నాను. క్రాన్‌బాక్ ఆల్ఫా (ఒక లక్షణం కింది ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) చూస్తే ఎక్స్‌ట్రావర్షన్‌కి (కలుపుగోలుతనానికి) -0.46 వచ్చింది! పుస్తకంలో 0 నుంచి 1 మధ్య ఉంటుందనే రాశారు. రివర్స్ కోడింగ్ (ఎదురు అర్థం వచ్చే ప్రశ్నల మార్కులను తిప్పడం) చేశాను, కాబట్టి దయచేసి మళ్లీ అదే చెప్పకండి. ఈ డేటా మొత్తం పారేయాల్సిందేనా? రేపు పదింటికి గైడ్‌ని కలవాలి. టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు.

కొండపల్లి బొమ్మ:
ఏ ప్రశ్నావళి? ఎన్ని ప్రశ్నలు? ఎంతమందికి ఇచ్చారు? ఏ భాషలో? మిగతా నాలుగింటికి ఎంత వచ్చింది?

పాఠాల పెట్టె:
అమ్మా, ముందు సిద్ధాంతం గట్టిగా పట్టుకోండి, లెక్క దానంతటదే వస్తుంది. మనస్తత్వవేత్తలు ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ 1936లో ఇంగ్లీషు నిఘంటువు ముందు పెట్టుకుని మనుషులను వర్ణించే మాటలు దాదాపు 18,000 ఏరారు. అందులో స్థిరమైన లక్షణాంశాలను చెప్పేవి 4,500 పైచిలుకు. కాటెల్ ఆ జాబితాను పట్టుకుని కారకాంశ విశ్లేషణతో (కలిసి నడిచే గుణాలను గుంపులు కట్టే లెక్కతో) 16కి దించారు. ఐసెంక్ మొదట రెండన్నారు, తర్వాత మూడోది చేర్చారు. డీఎస్సీ పిల్లలకు చెప్పేటప్పుడు వాళ్లు ఎప్పుడూ ఇక్కడే తడబడతారు. రూపక సిద్ధాంతాలు మనుషులను రకాలుగా విడదీస్తాయి. లక్షణాంశ సిద్ధాంతంలో అన్ని గుణాలూ అందరికీ ఉంటాయి, మోతాదులోనే తేడా. ఇంటర్నెట్‌లో దొరికే నాలుగక్షరాల పరీక్షలు మొదటి కోవకు చెందినవి. మీరు రెండో దారిలో ఉన్నారు, మంచిదే. దీన్ని మీ రెండో అధ్యాయంలో తప్పకుండా రాయండి.

కొండపల్లి బొమ్మ:
మాస్టారూ, ఆమె అడిగింది ఆల్ఫా గురించి.

పాఠాల పెట్టె:
పునాది లేకుండా ఆల్ఫా ఏం చెబుతుందండీ? దేన్ని కొలుస్తున్నామో తెలియకపోతే అంకె ఎంతొచ్చినా ఒకటే.

మేడమీద గది:
సారీ, అందరికీ తెలిసిందే కదా అనుకుని రాయలేదు. ఐపీఐపీ అనే ప్రశ్నల సేకరణలోని 50 ప్రశ్నలది. నేనూ నా రూమ్మేటూ కలిసి తెలుగులోకి మార్చాం. 212 మంది డిగ్రీ విద్యార్థులు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. అగ్రీయబుల్‌నెస్ (ఇతరుల పట్ల మంచితనం) 0.45, కాన్షియెన్షస్‌నెస్ (క్రమశిక్షణ) -0.20, న్యూరాటిసిజం (త్వరగా కలత చెందడం) 0.49, ఓపెన్‌నెస్ (కొత్త ఆలోచనల పట్ల ఆసక్తి) 0.12.

కొండపల్లి బొమ్మ:
అనువాదానికి అనుమతి?

లెక్కల గూడు:
ఐపీఐపీకి అనుమతి అక్కర్లేదు. దాన్ని తయారుచేసిన గోల్డ్‌బర్గ్ అందరూ వాడుకోవాలనే వదిలేశారు. అనుమతి, డబ్బు రెండూ కావాల్సింది 240 ప్రశ్నల నియో లాంటి వేరే బిగ్ ఫైవ్ ప్రశ్నావళులకి.

మేడమీద గది గారూ, మీ అంకెలు చూస్తే రివర్స్ కోడింగ్ ఇప్పుడు షీట్‌లో లేదనిపిస్తోంది. ఎలా అంటే, ఎక్స్‌ట్రావర్షన్‌లో 10 ప్రశ్నలు: 5 సూటివి, 5 తిరగేసినవి. వాటిని జతలు కట్టండి. ఒకే దిక్కు చూసే జతలు 20, ఎదురెదురుగా ఉండేవి 25. తిప్పకుండా లెక్కేస్తే ఎదురు జతలే గెలుస్తాయి, ఆల్ఫా మైనస్‌కి పోతుంది. కాన్షియెన్షస్‌నెస్‌లో 6, 4. అక్కడ 21కి 24, కాబట్టి కొద్దిగా మైనస్. ఓపెన్‌నెస్‌లో 7, 3. 24కి 21, అందుకే సున్నా దాటి కాస్త పైన. మీరు న్యూరాటిసిజం అంటున్న దానిలో ఏకంగా 8 ఒకవైపు, 2 ఒకవైపు. 29కి 16, అందుకే తిప్పకపోయినా 0.49 వచ్చింది. ఇంత క్రమంగా కుదిరిందంటే మీ డేటా పారేయాల్సినది కాదు, నిజానికి చాలా బాగుంది.

ఒక పేపర్ తీయండి. తిరగేసిన ప్రశ్న ఒకటి చూడండి. 1 నుంచి 5 వరకు ఉన్న జవాబుల్లో విద్యార్థి 2 పెట్టి ఉంటే షీట్‌లో 4 ఉండాలి.

మేడమీద గది:
కానీ నేను రీకోడ్ చేశానండీ, ఆ సింటాక్స్ (ఆదేశాల) ఫైల్ కూడా నా దగ్గరే ఉంది.

లెక్కల గూడు:
'సేమ్ వేరియబుల్స్'లోకా (పాత అంకె మీదే రాసేది), 'డిఫరెంట్ వేరియబుల్స్'లోకా (కొత్త కాలమ్‌లో రాసేది)?

మేడమీద గది:
సేమ్.

లెక్కల గూడు:
అయితే అది రెండుసార్లు నడిచి ఉంటుంది. 2ని 4 చేసి, సేవ్ చేసిన ఫైల్ మీదే మళ్లీ నడిపితే 4 తిరిగి 2 అవుతుంది. పేపర్ చూశారా?

మాటసాయం:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి, నేను కౌన్సెలింగ్ చేస్తాను. ఈ స్కోర్లతో విద్యార్థులకు ఏమైనా చెబుతున్నారా?

మేడమీద గది:
అవునండీ, పేపర్లు నింపినందుకు ఎవరి రిపోర్టు వాళ్లకి ఇస్తామని మాటిచ్చాం. ఎక్కువ, తక్కువ, మధ్యస్థం అని.

మాటసాయం:
దయచేసి ఇవ్వకండి. ఎక్కువ అంటే ఎవరికన్నా ఎక్కువ? టీ స్కోరు (మిగతావాళ్లతో పోల్చి చెప్పే మార్కు) సగటు 50, విచలనం 10 అని మనం రాయగలిగేది వెనక పోల్చడానికి ఒక ప్రామాణిక సమూహం ఉన్నప్పుడే. మీరిద్దరూ తెలుగు చేసిన ఈ ప్రశ్నావళికి అలాంటి సమూహం ఎక్కడుంది? పైగా ఐపీఐపీ 50లో ఉన్నది న్యూరాటిసిజం స్కేలు కాదు, భావోద్వేగ స్థిరత్వం. కీ ప్రకారం లెక్కేస్తే ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయి నిదానస్తురాలు. మీరు 'న్యూరాటిసిజం ఎక్కువ' అని కాగితం మీద రాసిస్తే ఆ పిల్ల ఇంటికెళ్లి ఏమనుకోవాలి? డిగ్రీ వయసు వాళ్లు ఇలాంటి కాగితాలు దాచుకుంటారు. నా దగ్గరికి వచ్చినప్పుడు 'నేను ఇంట్రోవర్ట్‌ని, నాకు ఇంటర్వ్యూలు కుదరవు' అంటారు, ఎవరో ఎప్పుడో ఇచ్చిన స్కోరు చూపించి.

పాఠాల పెట్టె:
స్థిరత్వం, అస్థిరత్వం ఒకే కొలబద్దకు రెండు కొసలండీ. ఐసెంక్ అలాగే చెప్పారు. పేరు ఏదైనా తేడా లేదు.

మాటసాయం:
సిద్ధాంతంలో తేడా లేకపోవచ్చు. రిపోర్టు చదివే పిల్లకు ఉంది.

లెక్కల గూడు:
ఆల్ఫాకి కూడా లేదు, 8 తిప్పినా 2 తిప్పినా అదే వస్తుంది. మొత్తం మార్కు మాత్రం తలకిందులవుతుంది. మాటసాయం గారు చెప్పినది నిజం.

పాఠాల పెట్టె:
మనస్తత్వవేత్త మిషెల్ కూడా 1968లో ఇదే గొడవ లేపారు. లక్షణాంశ స్కోరుకూ ఒక సందర్భంలో ప్రవర్తనకూ సహసంబంధం 0.30 దగ్గరే ఆగుతుందని. ఎప్‌స్టీన్ 1979లో జవాబిచ్చారు. ఒక్క సందర్భం చూడకండి, చాలా రోజుల ప్రవర్తన సగటు తీయండి, నిలకడ కనిపిస్తుందని. అంచేత లక్షణాంశాలను కొట్టిపారేయలేం.

మాటసాయం:
కొట్టిపారేయమని నేను అనలేదండీ. 212 మంది సగటులో కనిపించేదాన్ని ఒక్క మనిషి నుదుటి మీద అంటించవద్దంటున్నాను.

మేడమీద గది:
పేపర్‌లో 2, షీట్‌లోనూ 2. పాత ఫైల్ తీసి వేరే వేరియబుల్స్‌లోకి రీకోడ్ చేశాను. ఎక్స్‌ట్రావర్షన్ 0.80, కాన్షియెన్షస్‌నెస్ 0.77, స్థిరత్వం 0.81, ఓపెన్‌నెస్ 0.71!! కానీ అగ్రీయబుల్‌నెస్ 0.60 దగ్గరే ఆగింది.

లెక్కల గూడు:
అది ఇందాకే అనుమానం వచ్చింది. అక్కడా 6, 4 కాబట్టి తిప్పకముందు మైనస్ రావాలి, మీకు 0.45 వచ్చింది. అంటే ఆ నాలుగు తిరగేసిన ప్రశ్నలు ఎదురు దిక్కు చూడటం లేదు. ఆ నాలుగింటి తెలుగు ఇక్కడ పెట్టండి.

మేడమీద గది:
1. ఇతరుల మీద నాకు నిజంగా ఆసక్తి లేదు. 2. మనుషులను అవమానిస్తాను. 3. ఇతరుల సమస్యల మీద నాకు ఆసక్తి లేదు. 4. ఇతరుల గురించి కొంచెం పట్టించుకుంటాను.

లెక్కల గూడు:
నాలుగోది చూడండి. మూలంలో 'లిటిల్ కన్సర్న్' అని ఉంది, 'ఎ లిటిల్' అని లేదు. 'ఇతరుల గురించి పెద్దగా పట్టించుకోను' అని రావాలి. మీ వాక్యానికి మంచివాళ్లందరూ 'అవును' అని పెడతారు, మీరు దాన్ని తిప్పి మార్కులు తీసేస్తున్నారు. రెండోదానికి దాదాపు అందరూ 1 పెట్టి ఉంటారు, తేడాలే లేకపోతే సహసంబంధం ఎక్కడి నుంచి వస్తుంది? ఒకటి, మూడుల్లో 'లేదు' ఉంది. దానికి జవాబు 'ఏకీభవించను' అని ఉంటే చదివేవాడు రెండు కాదనడాల మధ్య ఇరుక్కుంటాడు. 'ఎవరి కష్టం వాళ్లదే అనుకుంటాను' లాంటి వాక్యం అయితే సూటిగా ఉంటుంది.

కొండపల్లి బొమ్మ:
తెలుగు తెలిసిన మూడో మనిషితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించారా?

మేడమీద గది:
లేదండీ, టైం లేదు. నాలుగోది తీసేసి నడిపితే 0.67 వస్తోంది, గైడ్‌కి అలాగే చూపిస్తాను. రిపోర్టులు ఇవ్వను, క్లాస్ మొత్తం సగటు చెబుతాను. థ్యాంక్స్ అండీ అందరికీ.

పాఠాల పెట్టె:
రెండో అధ్యాయంలో ఆల్‌పోర్ట్‌ను మరవకండి.

లెక్కల గూడు:
తీసేసిన సంగతీ, ఎందుకు తీశారో కూడా రాయండి. 'కరెక్టెడ్ ఐటమ్-టోటల్' కాలమ్ (ఒక్కో ప్రశ్న మిగతా ప్రశ్నల మొత్తంతో ఎంత కలుస్తోందో చూపేది) కూడా పెడితే ఒకటి, మూడు ప్రశ్నలు ఎంత పాడయ్యాయో చూస్తాను.