'అరువు రేపు' బోర్డు పెట్టేయాలా, మెల్లగా మానుకోవాలా?

గల్లాపెట్టె:
తెనాలిలో మాకు ఎలక్ట్రికల్ సామాను కొట్టు ఉంది. పెట్టి తొమ్మిదేళ్లు. బేరం బాగానే సాగుతుంది, చేతిలో మాత్రం డబ్బు నిలవదు. మొన్న ఆదివారం ఖాతా పుస్తకం ముందేసుకుని కూడితే బయట బాకీలు 4 లక్షల 20 వేలు తేలాయి, సగానికి పైగా ఎలక్ట్రీషియన్లవే.

నాకున్న రోగాలు రెండు. ఎవరైనా "అన్నా, ఇంటివాళ్లు ఇవ్వగానే కట్టేస్తా" అంటే మొహమాటంతో కాదనలేను. రెండోది, కూరగాయలకీ పిల్లల ఆటోకీ గల్లాలో చెయ్యిపెట్టి తీసేస్తాను, ఎక్కడా రాయను. ఉగాది నుంచి రెండూ ఒకేసారి మానేద్దామనుకుంటున్నా. 21 రోజులు గట్టిగా ఉంటే అలవాటు పోతుందని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?

బెజవాడ బేరం:
బోర్డు పెట్టేయండి, ఇంకో ఆలోచన వద్దు. మెల్లగా తగ్గిస్తానన్నవాళ్లెవరూ తగ్గించలేదు, నాతో కలిపి. "నీకు ఇస్తా, అతనికి ఇవ్వను" అంటే పగలు పెరుగుతాయి. అందరికీ లేదంటే ఎవరికీ కోపం ఉండదు. నాకు మొదటి రెండు నెలలు బేరం పడిపోయింది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. తర్వాత కోలుకున్నా.

ఎరువుల కొట్టు, ఖమ్మం:
బెజవాడ తమ్ముడూ, మీది నగరం, అక్కడ చెల్లుతుంది. మా దగ్గర జూన్‌లో మందులు పట్టుకెళ్లిన మిర్చి రైతు, ఫిబ్రవరిలోనో మార్చిలోనో కాయ యార్డుకు చేరాక కడతాడు. అరువు మానడమంటే షట్టర్ దించడమే. అసలు అరువును చెడ్డ అలవాటు అనడమే నాకు నచ్చలేదు. సంతకం లేకుండా ఇవ్వడం చెడ్డ అలవాటు. పాత బాకీకి మూడేళ్లు దాటితే కోర్టుకెళ్లినా లాభం లేదు. ఆలోపు "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేయిస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. గల్లాపెట్టె గారూ, మీ ఎలక్ట్రీషియన్ల చేత ఎప్పుడైనా సంతకం పెట్టించారా?

లెక్కల మాస్టారు:
ముందు ఆ 21 రోజుల లెక్క సంగతి. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని గమనించి 2009లో చెప్పింది వేరు. కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అదీ భోజనంతో పండు తినడంలాంటి చిన్న పనులకే. ఉగాదికి మొదలుపెట్టి మూడు వారాలకే "నా వల్ల కాదు" అనుకోకండి.

ఇంకోటి. మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్‌టీ పద్ధతి) లేకుండా నెలనెలా రిటర్న్ వేసేవారైతే, అరువు బిల్లుకైనా జీఎస్‌టీ మరుసటి నెల 20కల్లా కట్టాలి. పదివేల సామానుకు 18 శాతం చొప్పున 1,800 పన్ను. కొనుగోలు మీద కట్టింది పోను మిగతాది మీ జేబులోంచే. ఎలక్ట్రీషియన్ ఇచ్చాడా లేదా అని ప్రభుత్వం అడగదు. గల్లాలో ఉన్నదంతా మీది కాదన్నమాట. అందుకే ముందు మానాల్సింది ఆ చెయ్యి పెట్టడం. నెలకింత అని జీతంలా తీసుకోండి.

కౌంటర్ అక్క:
మా ఆయనా అచ్చం మీలాగే. మనిషిని మార్చలేక కుర్చీ మార్చాం. అడిగేవాళ్లు ఆయన్ని అడుగుతారు, ఆయన "మా ఆవిడని అడగండి" అంటారు. నేను లేదంటాను. ఊళ్లో గయ్యాళినన్న పేరొచ్చింది, వసూళ్లు కూడా వచ్చాయి 😀 గల్లా సంగతంటారా, ఫోన్‌పే వచ్చాక దానికి తాళం వేసి లాభం లేదు. కొట్టు స్కానర్ డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో పడుతుంటే తీసినట్టు కూడా తెలియదు. ముందు ఖాతాలు వేరు చేయండి.

బెజవాడ బేరం:
అక్కా, అది అలవాటు మానడం కాదు, మీ నెత్తిన పెట్టడం.

కౌంటర్ అక్క:
పెడితే పెట్టనీ తమ్ముడూ. డబ్బు ఇంట్లోనే ఉంది కదా.

గల్లాపెట్టె:
అందరికీ నమస్కారం. బోర్డు ఆలోచన పక్కన పెట్టాను. కొట్టుకు వేరే ఖాతా తెరవడానికి రేపు బ్యాంకుకు వెళ్తున్నా. ఇందాకే ఒక ఎలక్ట్రీషియన్ రెండు వైరు కాయిల్స్ అడిగాడు, పాత బాకీ పద్దెనిమిది వేలు. పుస్తకం తిప్పి సంతకం పెట్టమన్నా. "నా మీద నమ్మకం లేదా అన్నా" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి, కానీ పెన్ను వెనక్కి తీసుకోలేదు. ఒక కాయిల్‌కు డబ్బిచ్చి అదొక్కటే పట్టుకెళ్లాడు. సంతకం మాత్రం రేపు పెడతానన్నాడు.