భుజం నొప్పికి అల్ట్రాసౌండ్ పెట్టించడం వల్ల నిజంగా గుణం ఉంటుందా?

ప్రశ్న (బరంపురం నుంచి):
నాన్నగారికి 58 ఏళ్లు, పట్టు మగ్గం పని. మూడు నెలలుగా కుడి భుజం నొప్పి, చెయ్యి పైకెత్తితే పొడుస్తోంది. ఫిజియోథెరపీలో రోజూ జెల్ రాసి 5 నిమిషాలు భుజమంతా అల్ట్రాసౌండ్ మెషీన్ (స్కానింగ్‌ది కాదు, నొప్పికి పెట్టేది) తిప్పుతున్నారు. 1 మెగాహెర్ట్జ్ అని ఉంది. వేడే తెలియడం లేదంటున్నారు. వ్యాయామాలేవీ చెప్పలేదు. పది సిట్టింగులూ పూర్తి చేయించాలా?

మొదటి జవాబు:
ఎక్స్‌రే తీశారా అండీ? టెండన్‌లో (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలో) కాల్షియం పేరుకుని ఉంటే సంగతి వేరు. 1999లో వచ్చిన ఒక ట్రయల్‌లో అలాంటి భుజాలకు ఒక్కొక్కటి 15 నిమిషాల చొప్పున 24 సిట్టింగులు ఇచ్చారు. ఉత్తుత్తి మెషీన్ పెట్టినవాళ్ల కంటే వీళ్లకు నొప్పి తగ్గింది, కాల్షియమూ కరిగింది. తొమ్మిది నెలలకు మాత్రం నొప్పిలో తేడా నిలవలేదు. కాల్షియం లేని మామూలు నొప్పులకు ఆధారం బలహీనం. 2001లో అల్ట్రాసౌండ్ మీద జరిగిన 35 ట్రయల్స్‌ను జల్లెడ పడితే పద్ధతిగా చేసినవి పదే తేలాయి, అందులో ఎనిమిదింటిలో ఉత్తుత్తి మెషీన్‌కూ దీనికీ తేడా లేదు. నడుము నొప్పికైతే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో వద్దనే చెప్పింది.

రెండో జవాబు:
వేడి తెలియకపోవడానికి లెక్క ఉంది. చదరపు సెంటీమీటరుకు 1 వాట్ చొప్పున ఆపకుండా ఇస్తే, 1 మెగాహెర్ట్జ్‌లో నిమిషానికి సుమారు 0.2 డిగ్రీలు, 3 మెగాహెర్ట్జ్‌లో 0.6 డిగ్రీలు పెరుగుతుంది. అంటే మీ 1 మెగాహెర్ట్జ్‌లో 5 నిమిషాలకు ఒక డిగ్రీ. అదీ హెడ్ (ఒంటికి ఆనించి తిప్పే భాగం) వైశాల్యానికి రెండింతల చోటులోనే తిప్పితే. భుజమంతా తిప్పితే ఆ ఒక్క డిగ్రీ కూడా రాదు. పల్స్ మోడ్‌లో (ఆగి ఆగి ఇచ్చే పద్ధతిలో) ఉంటే వేడి ఆశించనే కూడదు. భుజం టెండన్ లోతు తక్కువ కాబట్టి పైపైన పనిచేసే 3 మెగాహెర్ట్జే సరి. చేతిని వీపు వెనక్కి పెట్టిస్తే టెండన్ ఎముక కింద నుంచి ముందుకొస్తుంది, ఇది చాలామంది చెయ్యరు. జెల్ పలచబడి గాలి చేరితే తరంగాలు దాదాపు అన్నీ వెనక్కి పోతాయి. హెడ్ ఒకేచోట ఆగితే ఎముక మీద సలుపు పుడుతుంది, వెంటనే తీసేయమనాలి.

మూడో జవాబు:
షుగర్ వల్ల స్పర్శ తగ్గినా, పేస్‌మేకర్ ఉన్నా, క్యాన్సర్ ఉన్న చోటైనా పెట్టకూడదు.
మిగిలిన సిట్టింగుల్లో ఆ 5 నిమిషాలు వ్యాయామానికి అడగండి. మోచెయ్యి పక్కకు ఆనించి, రబ్బరు బ్యాండు బయటికి లాగడం, 10 చొప్పున మూడుసార్లు, రోజు విడిచి రోజు. కొద్దిపాటి నొప్పి పర్వాలేదు, మర్నాడు పొద్దుటికి తగ్గకపోతే బ్యాండు పలచనిది వాడాలి. నాడె (మగ్గంలో పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్లేది) లాగే తాడు పిడి భుజం కంటే కిందికి ఉండేలా కట్టుకోమనండి, మగ్గం మీద గంటకోసారి లేవమనండి.

ప్రశ్న అడిగినవారు:
ఎక్స్‌రేలో కాల్షియం లేదని రాశారండి. షుగర్ లేదు. రేపు బ్యాండు గురించే అడుగుతాను.