దొనకొండ పాత రన్‌వే స్థలంలో చిన్న పరిశ్రమలు: ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి దొనకొండ ఎయిర్‌స్ట్రిప్ వాడకంలో లేదు. ఊరి మీదుగానే గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం ఉంది. ఇక్కడ షెడ్లు వేయాలంటే మొదటి పని ఏంటన్నా?

జవాబు 1: కాగితాలు తమ్ముడూ. అడంగల్ (ఊరి భూముల సాగు లెక్క), 1బీ (భూమి హక్కుల పత్రం), ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు తీసి, సర్వేయరుతో హద్దులు కొలిపించాలి. భూమి ఏ శాఖదో తేలకుండా లీజు రాసుకుంటే బ్యాంకులో అప్పు పుట్టదు.

జవాబు 2: మట్టిని మరవకండి. ఇలాంటి చోట్ల ఇంధనం నిల్వచేసిన జాగా వెతికి, అర మీటరు, ఒకటిన్నర మీటరు లోతుల్లో విడివిడిగా నమూనాలు తీయాలి. గాజు సీసాలో నిండుగా నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో ల్యాబుకు పంపాలి. సంచిలో పంపితే పెట్రోలు ఆవిరైపోయి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అక్కడే మోసపోతారు! పాత సిమెంటు రేకులుంటే ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులు చెడగొట్టే నార) ఉందనే అనుకోండి. సుత్తి తగలనీయకుండా, నీళ్లు చల్లి, బోల్టులు విప్పి రేకు రేకుగా దించాలి.

జవాబు 3: నాకైతే నీళ్లే అసలు చిక్కు అనిపిస్తోందండీ. పశ్చిమ ప్రకాశం బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆర్వో పెడితే అది వదిలే ఉప్పునీళ్లు ఎటు పోతాయో ముందే తేల్చుకోండి, పక్క చేలల్లోకి వదలొద్దు. నీళ్లు ఎక్కువ వాడే అద్దకం లాంటివి వద్దు. గోదాములు, కందిపప్పు మిల్లు, ఫ్యాబ్రికేషన్ (ఇనుము కోసి, అతికి సామాన్లు చేసే పని) అయితే నిలబడతాయి.