పదహారణాల వంశం: ఈ లెక్క ఎన్ని మెట్ల దాకా?

నల్లకుంట నుంచి ప్రశ్న: పెళ్లి సంబంధాల మాటల్లో "పదహారణాల జమీందారీ వంశం" అంటుంటారు. నిండు రూపాయిలా కల్తీ లేనిదని అర్థం, అది సరే. పూర్వీకుల వాటాలకు ఈ అణాల లెక్క నిజంగా అతుకుతుందా?

తార్నాక: భేషుగ్గా అతుకుతుందండీ. మెట్టు ఎక్కినప్పుడల్లా వాటా సగమవుతుంది, పాత రూపాయి చిల్లరా అలాగే సగాలుగా దిగుతుంది. అమ్మానాన్నలు చెరో అర్ధరూపాయి. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ నలుగురూ తలో పావలా. ముత్తాతల మెట్టులో ఎనిమిది మంది, తలో బేడ. ఆ పైన పదహారు మంది, తలో అణా. కాబట్టి పదహారణాలు అనాలంటే నాలుగో మెట్టులోని పదహారు మందీ ఆ కోవవాళ్లే కావాలి. జర్మన్ దేశాల్లో కొన్ని క్రైస్తవ మఠాలు సభ్యత్వానికి అడిగిన రుజువూ ఇదే: పదహారు మందీ కులీనులేనని చూపాలి. ఒక్కరు తప్పినా పదిహేనణాలే. ఇంటిపేరు ఇచ్చినాయన ఆ పదహారు మందిలో ఒక్కరే, ఆయనదీ అణాయే. మన వంశవృక్షాలు మాత్రం ఆ ఒక్క అణా గీతనే పట్టుకుని పైకి పాకుతాయి.

మలక్‌పేట: అయితే ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాం కాబట్టి, మొదటి నిజాం వాటా ఆయనలో 1/128 అన్నమాట?

తార్నాక: అక్కడే అందరూ పొరబడతారు. మనుషుల్ని కాదు, మధ్యనున్న మెట్లని లెక్కపెట్టాలి. మొదటి అసఫ్ జా, నిజాం అలీ ఖాన్, సికందర్ జా, నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా, మహబూబ్ అలీ ఖాన్, ఉస్మాన్ అలీ ఖాన్: ఏడుగురు, ఆరు మెట్లు. 1/64, అంటే రూపాయిలో ఒక్క కాణీ. మధ్యలో గద్దెనెక్కిన నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను ఈ వరసలో లెక్కించరు కాబట్టి తండ్రీకొడుకుల లెక్క కుదిరింది. ముకర్రం జా దగ్గర మళ్లీ తేడా వస్తుంది. ఎనిమిదో నిజాం అన్నారు కానీ ఆయన మనవడు. తండ్రి ఆజం జా గద్దె ఎక్కలేదు. ఎనిమిది మెట్లు, 1/256, కాణీలో పావు. తల్లి దుర్రుషెహ్వార్ ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు. అంటే ఆయనలో పావలా ఆ ఖలీఫాది!

ఒక షరతు. ఈ అంకెలు ఒక్క దారివి. వేరే దారిలో కూడా అదే పూర్వీకుడు తగిలితే ఆ వాటా కలపాలి.

కాచిగూడ: మేనరికాల సంగతి అదేగా?

తార్నాక: అదే. మేనమామ, మేనకోడలు పెళ్లాడితే పుట్టిన బిడ్డకు ఒకే మనిషి తండ్రి వైపు తాత, తల్లి వైపు ముత్తాత. పావలా, బేడ కలిపితే ఆరణాలు, 3/8. పాత పద్దుల్లో నిలువు గీత నాలుగణాలు, అడ్డగీత అణా. ఆరణాలంటే ఒక నిలువు, రెండు అడ్డం: ౹౽. స్పెయిన్ రాజు రెండో చార్లెస్ (1661–1700) సరిగ్గా ఇలాంటి బిడ్డే. తండ్రి నాలుగో ఫిలిప్ పెళ్లాడింది సొంత చెల్లెలి కూతురిని. మూడో ఫిలిప్ వాటా అతనిలో ఆరణాలు. మేనత్త, మేనమామ బిడ్డల పెళ్లి అయితే ఉమ్మడి తాతా అవ్వా ఇద్దరూ బిడ్డకు రెండు దారుల్లోనూ ముత్తాత, ముత్తవ్వే. రెండేసి బేడలు, తలో పావలా. ముత్తాతల మెట్టులో ఎనిమిది స్థానాలుంటాయి, మనుషులు ఆరుగురే. మనుషుల్ని లెక్కపెట్టి భాగిస్తే తప్పుతుంది, స్థానాల్ని లెక్కపెట్టాలి.

నల్లకుంట: మరి "మూడో వంతు రాజరక్తం" అనే మాట?

తార్నాక: కుదరదు. ఎన్ని మెట్లెక్కినా, ఎన్ని దారులు కలిపినా హారంలో 2, 4, 8, 16 వరసే వస్తుంది. 5/16 రావచ్చు, 11/32 రావచ్చు, 1/3 రాదు. అలా చెప్పేవాళ్లను పదహారు పేర్లూ రాసి ఇమ్మనండి.